మేనత్త చేతిలోని బతుకమ్మ మాయమైన కథ

సద్దుల బతుకమ్మ నాడు విదేశాల్లోని బంధువులతో వీడియో కాల్ పెట్టుకుంటున్నామని, ఓరుగల్లు ఉట్టిపడే బ్యాక్‌గ్రౌండ్లు, ముఖానికి ఫిల్టర్లు సొంతంగా ఎలా చేసుకోవాలని కొందరు అడిగారు. హనుమకొండలో ఫ్లెక్సీలు డిజైన్ చేయడం నా వృత్తి. ఇదే పని మా ఇంట్లో చేసి, మొదటిసారి బాగా నవ్వులపాలయ్యాను.

ఫ్లెక్సీలో ముఖ్యమైన బొమ్మను నడిమధ్య పెడతాం. ఆ అలవాటుతోనే ఖిలా వరంగల్ తోరణాన్ని మధ్యలో నిలబెట్టాను. కాల్ మొదలయ్యాక తోరణమంతా నా తల వెనుక దాక్కుంది. దాని మీది హంసలు మాత్రం నా చెవుల మీద వాలినట్టు కనిపించాయి. వీడియో కాల్‌లో నడిమి భాగం మనిషిది. అందుకే ఇప్పుడు ముందుగా కాల్‌లో నేను కూర్చున్న తీరును స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని అడుగు పొరగా పెట్టుకుని, దాని చుట్టూ బొమ్మ వేస్తాను. స్తంభాలు భుజాలకు అటూ ఇటూ, అడ్డదూలం తలకు జానెడు పైన ఉండాలి. కొలత 1920 × 1080 పిక్సెళ్లు చాలు.

అక్షరాల సంగతి మరీ ఘోరం. నేను రాసిన శుభాకాంక్షలు తెర మీద కుడి ఎడమలు తారుమారై కనిపించాయి. కంగారుపడి బొమ్మనే తిప్పేశాను. చాలా యాప్‌లలో మన బొమ్మ మనకు అద్దంలోలా కనిపిస్తుంది, ఎదుటివారికి సరిగానే వెళుతుంది. నేను దిద్దాననుకున్నది అవతల అందరికీ కుడి ఎడమలు తారుమారైన రాతైంది. ఇంకో ఫోనుతో కాల్‌లో చేరి చూడకుండా దేన్నీ సరిచేయకండి.

వేయిస్తంభాల గుడి చెక్కడాలు, వరంగల్ జంపకానాల సన్నని చారలు ఫొటోలో ఎంత బాగున్నా కాల్‌లో అలుక్కుపోతాయి. ఒక స్తంభమో, ఒక్క పెద్ద చారో తీసుకుని కొంచెం మసకబార్చండి. వెలుగు దిక్కు కూడా చూసుకోవాలి. ఎదుటివారి తెర మీద మీ ముఖానికి వెలుగు ఏ వైపు నుంచి పడుతుందో, ఫొటోలో ఎండ కూడా ఆ వైపు నుంచే పడాలి, లేకపోతే కత్తిరించి అతికించినట్టే ఉంటుంది.

ఇక బతుకమ్మ. మా మేనత్త తాంబాలాన్ని కెమెరా ముందుకు ఎత్తింది. చేతులు కనిపిస్తున్నాయి, బతుకమ్మ లేదు! యాప్ వెతికేది మనిషి ఆకారాన్ని. చేతిలోని వస్తువును చాలాసార్లు వెనుక దృశ్యంలో కలిపేసి చెరిపేస్తుంది. పరిష్కారం దొరికిందనుకుని వెనుక ఆకుపచ్చ గుడ్డ కట్టి, ఆ రంగును తీసేయమని యాప్‌కు చెప్పాను. ఈసారి బతుకమ్మ నిలిచింది గానీ గుమ్మడాకులు, తంగేడు ఆకులు మాయమై, ఆ చిల్లుల్లోంచి తోరణం రాళ్లు తొంగిచూశాయి. నీలం దుప్పటి కడదామంటే గునుగు పూలకు అద్దిన రంగు నీలమే! పూలు ఎరుపు, పసుపుల్లో ఉంటే నీలం గుడ్డ పనికొస్తుంది. లేదంటే బతుకమ్మ పట్టుకునేవారికి బ్యాక్‌గ్రౌండ్ తీసేయండి. వాకిలి, ముగ్గు కన్నా మంచి బొమ్మ నేనూ వేయలేను.

ముఖానికైతే చేర్యాల మాస్కుల వైపు చూడండి. చింతగింజల గుజ్జు, రంపపు పొట్టు కలిపి చేసి రంగులు పూసే ఆ ముఖాల్లో పెద్ద కళ్లు, మెలితిరిగిన మీసాలు, బొట్టు దూరం నుంచే తెలుస్తాయి. చిన్న తెరకు అలాంటి గీతే కావాలి. అయితే ముఖమంతా కప్పకండి. మీసం, బొట్టు, తలపాగా చాలు, మాట్లాడే నోరూ కళ్లూ మనిషివే ఉండాలి. ఫిల్టర్ వెనుక పని చేసేది ముఖం మీద గుర్తించే బిందువుల వల. ముఖాన్ని గుర్తించే గూగుల్ వారి సాఫ్ట్‌వేర్ మీడియాపైప్ ఫేస్ మెష్‌లో ఇవి 468. చేయి అడ్డం వస్తే ఆ వల చెదిరి మీసం నుదుటికి ఎక్కవచ్చు. కళ్లజోడు ఉన్న పెద్దవాళ్ల మీద ముందే పరీక్షించండి.

పాత వీడియోలను నమ్మి, కంప్యూటర్ కాల్స్‌లో ముఖానికి ఫిల్టర్లు పెట్టే స్నాప్ కెమెరా కోసం వెతకవద్దు. 2023 జనవరిలో దాన్ని ఆపేశారు, ఫిల్టర్లు తయారుచేసే మెటా స్పార్క్ కూడా 2025 జనవరిలో మూతపడింది. ఫిల్టర్లు తయారుచేసే స్నాప్ వారి లెన్స్ స్టూడియో ఉంది గానీ నేర్చుకోవడానికి కొన్ని సాయంత్రాలు పడుతుంది. పండగ దగ్గరపడితే తేలిక దారి ఒకటుంది: అంచుల్లో మాత్రమే బంతిపూల దండ గీసి, మిగతాదంతా పారదర్శకంగా వదిలి, ఆ పారదర్శకత నిలిచే పీఎన్‌జీ ఫైలుగా దాచి ముందువైపు ఫ్రేముగా పెట్టండి. ముందు దండ, వెనుక తోరణం, మధ్యలో మనిషి ఉంటే ఆ లోతు చాలా బాగుంటుంది. ఫిల్టర్ తీసే మీట ఎక్కడుందో అందరికీ ముందే చూపించండి. 2021లో అమెరికాలో ఒక లాయరు కోర్టు విచారణకు పిల్లి ముఖంతో హాజరై, అది తీయడం తెలియక తాను పిల్లిని కానని జడ్జికి చెప్పుకోవలసి వచ్చింది.

ఫోనును నిలువుగా పట్టుకునే బంధువులకు 1080 × 1920 కొలతలో వేరే బొమ్మ పంపండి. మా బావకు పంపడం మరిచాను, తోరణం స్తంభాలు రెండూ కోతకు గురై ఉత్త ఆకాశం ముందు కూర్చున్నాడు.