అనంతపురం మ్యాచ్‌కు టెంపో కట్టుకొని వస్తున్న పాపకు

పాపా,

మీ నాయన రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఇది క్లాసంతా పోగేసుకొని మీ ఊరికి వస్తుందంట, నువ్వైనా నాలుగు మాటలు చెప్పు" అన్నాడు. సంగతేమంటే మీ కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు ఆదివారం సాయంత్రం ఇక్కడ ఆడుతోంది, వరసగా ఓడుతున్నారు కాబట్టి ఈసారి ధైర్యం చెప్పడానికి నువ్వు చందాలు వేసి టెంపో మాట్లాడావు, డప్పులు కూడా తెస్తున్నావు. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మకు చెప్పి ఇద్దరం సంతోషపడ్డాం. గెలిచే జట్టు వెనక అడక్కుండానే జనం పోతారు. ఓడే జట్టు కోసం కర్నూలు నుంచి ఇంత దూరం వచ్చే పిల్ల మనింట్లో ఉందంటే నాకు గర్వంగానే ఉంది. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు, లేచి కూర్చొని ఇది రాస్తున్నా.

చిన్న విషయాలు ముందు. కాలేజీలో చెప్పి రండి, ఐడీ కార్డులు పెట్టుకోండి, నీళ్ళు ఎక్కువ తెచ్చుకోండి, మ్యాచ్ టైమ్ శనివారం రాత్రి మళ్ళీ కనుక్కో.

పెద్ద విషయం రోడ్డు. రావడం పగలు కాబట్టి నాకు దిగులు లేదు, తెల్లవారగానే బళ్ళారి చౌరస్తాలో అందరూ ఎక్కితే డోన్, గుత్తి మీదుగా ఎండ ముదరకముందే వచ్చేస్తారు. రాత్రి మ్యాచ్ అయ్యాక తిరిగి పోతామన్నావంట, అది మాత్రం కుదరదు. హైవే బాగుంది కదా పెద్దనాయనా అంటావు. బాగుండడమే భయం. గుంతల రోడ్డు మీద డ్రైవర్ మేలుకొని ఉంటాడు, నున్నటి రోడ్డు మీద కునుకు తీస్తాడు. గుత్తి దగ్గర లైట్లు లేకుండా పక్కన నిలిపిన లారీకి గుద్దుకున్న జీపులోంచి నా స్నేహితుణ్ణి దించినప్పుడు నేనక్కడే ఉన్నాను. బతికాడు, మళ్ళీ బంతి మాత్రం పట్టలేదు. అందుకని ఆడపిల్లలందరూ మా ఇంట్లో, మగపిల్లలు పక్కనే మీ మామ వాళ్ళ మిద్దె మీద పడుకొని సోమవారం పొద్దున బయల్దేరండి. క్లాసు పోతే పోయింది, దాని గురించి మీ నాయనతో నేను మాట్లాడతాను.

డప్పులు తెచ్చుకోవచ్చా లేదా అని నిర్వాహకులను ముందే అడుగు. ఒప్పుకుంటే టైమ్ అవుట్లలో, క్వార్టర్ల మధ్య వాయించుకోండి. విజిళ్ళు మాత్రం ఒక్కటి కూడా వద్దు, నోటితో ఈల వేసే మొనగాళ్ళు ఉంటే వాళ్ళకూ గట్టిగా చెప్పు. ఆటలో విజిల్ వినపడితే రెఫరీ ఊదాడనుకొని పిల్లలు ఆగిపోతారు, ఎదుటి జట్టు అడ్డులేకుండా రింగ్ కిందికి పోయి సులువుగా బుట్ట వేసుకుంటుంది. ఇలా పాయింట్లు పోవడం కళ్ళారా చూశాను.

ఇప్పుడు అసలు మాట. నువ్వు ఏది మరిచిపోయినా ఇది మరిచిపోవద్దు.

కడపలో ఒక టోర్నమెంట్. ఎప్పటి మాట అంటే ఇప్పటిలా పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు లేవు, ఇరవై నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు ఆడేవాళ్ళు. నాలుగు క్వార్టర్లు, బంతి చేతికొచ్చాక 24 సెకన్లలోపు షాట్ వెయ్యాలనే లెక్క 2000లో వచ్చాయి. నేను టేబుల్ దగ్గర కూర్చొని స్కోర్ షీట్ రాసేవాణ్ణి. సిమెంటు కోర్టు, అట్ట మీద అంకెలు తిప్పే స్కోర్ బోర్డు. టైమ్ మొత్తం మా పక్కనున్న టైమ్ కీపర్ చేతిలోని స్టాప్‌వాచ్‌లో ఉండేది, అది ఆటగాళ్ళకూ కనపడదు, జనానికీ కనపడదు. మన అనంతపురం పిల్లలు ఆ ఏడాది అంతా ఓడుతూనే వచ్చారు. అయినా వాళ్ళ కోసం బస్సు కట్టుకొని జనం వచ్చారు, మీలాగే.

ఆఖరి నిమిషం. మనం ఒక్క పాయింట్ వెనక, బంతి మన దగ్గరే ఉంది. జనంలో ఎవరో చేతి గడియారం చూసి "పది, తొమ్మిది" అని మొదలుపెట్టాడు. ఒకరిని చూసి ఒకరు అందరూ అందుకున్నారు. టెన్షన్‌లో లెక్కపెట్టే మనిషికి సెకను పొట్టిదైపోతుంది, లెక్క పరుగెత్తింది. బంతి ఎడమచేతి వాటం కుర్రవాడి దగ్గర ఉంది, సన్నగా ఉంటాడు, తల దించకుండా డ్రిబ్లింగ్ చేస్తాడు. రింగ్ కింద మన పొడుగు పిల్లవాడు చెయ్యెత్తి ఖాళీగా నిలబడి ఉన్నాడు. వీడికి చెవుల్లో "మూడు, రెండు" అని పడింది. మనవాళ్ళే చెప్తున్నారు కదా అని నమ్మాడు. సగం కోర్టు నుంచి విసిరేశాడు. బంతి బోర్డు పైఅంచుకు తగిలి బయట పడింది.

ఆట ముగిసిన సూచనేదీ రాలేదు. నేను పక్కకు తిరిగి స్టాప్‌వాచ్ చూశాను. ఇంకా తొమ్మిది సెకన్లు ఉన్నాయి.

తొమ్మిది సెకన్లంటే నీకు తెలుసు కదా, నింపాదిగా మూడు పాస్‌లు వేసి రింగ్ కింద బంతి ఇవ్వొచ్చు. టేబుల్ దగ్గర కూర్చున్నవాడు ఎవరి పక్షమూ మాట్లాడకూడదు, నోరు మూసుకొని కూర్చున్నాను. కడప జట్టు బంతి తీసుకొని చేతులు మార్చుకుంటూ టైమ్ గడిపేసింది.

ఇంతవరకైతే ఆటలో పొరపాటు అనుకోవచ్చు. తర్వాత జరిగిందే నాకు పడదు. లెక్కపెట్టిన జనమే కిందికి దిగి వచ్చి "ఏమిరా, అంత తొందరేమొచ్చింది నీకు?" అని వాణ్ణి పట్టుకున్నారు. మీరు లెక్కపెట్టారు కదన్నా అని వాడు అనలేదు. గట్టు మీద కూర్చొని షూ లేసు విప్పుకోబోయాడు, చెమటకు ముడి బిగుసుకుపోయింది. గోరుతో లాగాడు, పంటితో లాగాడు, రాలేదు, చివరికి ముడి అలాగే ఉంచి షూ ఊడలాక్కున్నాడు. బస్సులో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు. మరుసటి ఏడాది వాడు కోర్టుకు రాలేదు.

చాలా కాలానికి ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో కనిపించాడు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, పిల్లల గురించి చెప్పాడు. గుడ్డ కొలుస్తూ కొలుస్తూ "సార్, ఆ పొద్దు ఎన్ని సెకన్లుండె?" అని అడిగాడు. చెప్పాను. "అన్నుండెనా" అని కత్తెర అందుకున్నాడు.

ఆ జనం చెడ్డవాళ్ళు కాదు పాపా. సొంత డబ్బులు ఖర్చు పెట్టుకొని వచ్చిన మంచివాళ్ళు. అందుకే నిన్ను చూస్తే నాకు భయం. మీరు లెక్కపెట్టవద్దు, ఎవరు మొదలుపెట్టినా ఆపు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చాయి కదా అంటావేమో. చిన్న ఊళ్ళలో అది పనిచేసే రోజూ ఉంటుంది, పనిచెయ్యని రోజూ ఉంటుంది. పైగా తమ షాట్ రింగ్‌కు తగిలి వచ్చిన బంతిని మళ్ళీ తామే అందుకుంటే ఇప్పుడు 14 సెకన్లే ఇస్తారు, అది తెలియనివాళ్ళు 24 అనుకొని లెక్కపెడతారు. టైమ్ చెప్పే పని కోచ్‌ది, బెంచ్ మీది పిల్లలది.

ఎదుటివాళ్ళు ఫౌల్ చేసినందుకు ఎవరూ అడ్డురాకుండా వేసే ఫ్రీ త్రోకు మన అమ్మాయి నిలబడితే నోళ్ళు మూసుకోండి. రెఫరీ బంతి చేతికిచ్చాక ఐదు సెకన్లే, ఆ ఐదు సెకన్లు ఆమెకు వదిలెయ్యండి. పేరు పెట్టి పిలిచి ధైర్యం చెప్పడం కూడా అప్పుడు బరువే.

మరి ఎప్పుడు అరవాలి అంటావు. ఓడే జట్టుకు బుట్టలు తక్కువే పడతాయి, బుట్ట పడ్డప్పుడే చప్పట్లు అనుకుంటే మీరు సగం మ్యాచ్ దిగులుగా కూర్చుంటారు, అది కోర్టులోకి కనిపిస్తుంది. ఎదుటి పిల్లను వీపుతో ఆపి, రింగ్‌కు తగిలి వచ్చే బంతికి దారి ఇవ్వకపోతే చప్పట్లు కొట్టండి. ఎనిమిది సెకన్లలోపు సగం గీత దాటకుండా వాళ్ళను కట్టేస్తే అప్పుడు డప్పు మోగినంత అరవండి. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి రెండు నిమిషాలాడి పోయిన పిల్ల బెంచ్ మీద కూర్చునేటప్పుడు కూడా. ఆ పిల్లకు ఎవరూ కొట్టరు, నువ్వు కొట్టు.

ఆఖరి నిమిషంలో మన అమ్మాయిలు వరసగా ఫౌల్ చేస్తే తిట్టవద్దు. వెనకబడ్డ జట్టు గడియారం ఆపడానికి చేసే పని అది. క్వార్టర్‌లో మన జట్టు మొత్తం ఫౌల్స్ నాలుగు దాటితే ఎదుటివాళ్ళకు రెండు ఫ్రీ త్రోలు ఇస్తారు, అవి పడకపోతే బంతి మనకు దొరకొచ్చని ఆశ. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో బుట్ట పడ్డ ప్రతిసారీ గడియారం ఆగుతుంది, కాబట్టి ఎనిమిది పాయింట్లు వెనకబడ్డా సంచులు సర్దుకొని లేవకండి. మీరు లేవడం ఆడేవాళ్ళు చూస్తారు.

మా ఊరి వాళ్ళు నోరు జారతారు. జవాబు చెప్పవద్దు. గొడవైతే రెఫరీ నిర్వాహకులతో చెప్పి మిమ్మల్ని బయటికి పంపించగలడు, ఆ మచ్చ మీ జట్టు మీద పడుతుంది. ఊరు అనంతపురమైనా ఆ రోజు నేను మీవైపే కూర్చుంటాను, నాకు ఎదురు చెప్పేవాళ్ళు ఇక్కడ తక్కువ.

ఇంకొకటి. పోయిన మ్యాచ్‌లో కోచ్‌ను మార్చాలని గట్టు మీద నుంచి అరిచింది నువ్వేనంట. సిగ్గు లేదా పాపా? ఎదురుగా ఐదుగురు పిల్లలు ఆ మనిషి మాట విని ఆడుతుంటే, అప్పుడా అరిచేది? కోపం ఉంటే రాసివ్వు, మ్యాచ్ అయ్యాక పోయి మాట్లాడు. చిన్నప్పుడు నా సైకిల్ ముందు కూర్చొని కోర్టుకు వచ్చి, నీకంటే పెద్ద బంతిని రెండు చేతులతో కావలించుకొని ఎవరికీ ఇచ్చేదానివి కాదు. ఆడే పిల్లలు అడిగితే ఏడ్చేదానివి. ఆ మొండితనం అరవడానికి వాడొద్దు.

మ్యాచ్ అయ్యాక వాళ్ళు ఓడితే కాసేపు ఏమీ అడగకండి. ఎందుకిలా అయింది, ఫలానా షాట్ ఎందుకు వేశావు, ఈ మాటలొద్దు. నీళ్ళ బాటిల్ ఇవ్వండి, బ్యాగులు మొయ్యండి. మీ స్నేహితురాలు ఆ జట్టులో ఉంది కదా, ఆమె పక్కన కూర్చో, మాట్లాడకపోయినా పర్వాలేదు. కోచ్ ఒప్పుకుంటే జట్టునంతా మా ఇంటికే తీసుకురా, మెనూ అప్పుడే తేలిపోయింది, రాత్రికి సంగటి, వేరుశనగ పచ్చడి, పొద్దున ఉగ్గాని బజ్జీ.

మొత్తం ఎంతమందో శుక్రవారం లోపల చెప్పు. ఉగ్గానికి బొరుగులు ఎన్ని తేవాలని మీ పెద్దమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.

మీ పెద్దనాయన