ఆదికాండం నమ్ముతూ పరిణామ సిద్ధాంతాన్ని ఒప్పుకోవచ్చా?

"మాది విశ్వాసుల కుటుంబం. బీఎస్సీ జువాలజీ చదువుతున్నాను. ఆదివారం ఆరు రోజుల సృష్టి, సోమవారం డార్విన్. ఏదో ఒకటి వదులుకోవాల్సిందేనా?" అని మీరు అడిగారు. నేను వదులుకోలేదు. పంతొమ్మిదేళ్ళుగా డిగ్రీ పిల్లలకు పరిణామం పాఠం చెబుతున్నాను, ఆదివారాలు సండే స్కూల్లో ఆదికాండమూ చెబుతున్నాను. అయితే ఇక్కడిదాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒక ముడి ఇప్పటికీ విడలేదు, అదీ చెబుతాను.

మాది గుంటూరు వైపు పల్లె. నాన్న లూథరన్ సంఘ కాపరి, ఊళ్ళో అందరికీ అయ్యగారు. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా యూత్ కూడికలకు బయటి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. "మీలో కోతికి పుట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చేతులెత్తండి" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. వారం తిరక్కుండా కాలేజీలో మా సారు "బైబిల్ బ్యాచ్ ఈ చాప్టర్ ఛాయిస్‌లో వదిలేసుకోండి" అన్నారు. అక్కడా అందరూ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

ఆ ఏడాదంతా రెండు మొహాలతో బతికాను. పరీక్షలో డార్విన్ గురించి నాలుగు పేజీలు దంచి రాశాను. ఆ ఆదివారమే పిల్లల చేత "ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను" అని వల్లె వేయించాను. రెండింట్లో ఏదీ అబద్ధమనిపించేది కాదు. రెండూ ఎదురుపడకుండా చూసుకోవడమే టెన్షన్.

ఎదురుపడింది ల్యాబ్‌లో. కోడిపిల్ల పిండం స్లైడ్లు మీరూ చూసే ఉంటారు. 72 గంటల స్లైడ్‌లో తల కింద వరసగా ముడతల్లా గ్రసని చాపాలు (గొంతు భాగంలోని వంపులు) కనిపిస్తాయి. చేప పిండంలో ఇవే మొప్పల భాగాలవుతాయి. మనిషి పిండంలోనూ నాలుగో వారానికి కనిపిస్తాయి, మనకి దవడ, చెవిలోని బుల్లి ఎముకలు, స్వరపేటిక వాటి నుంచే వస్తాయి. ఆ రోజు ఆ బొమ్మ గీసి, పేర్లు పెట్టి, రికార్డు మీద సంతకం చేయించుకుని ఇంటికొచ్చాను. అప్పుడు అక్క ఏడో నెలతో పుట్టింట్లో ఉంది. రోజూ రాత్రి నాన్న దాని తల మీద చెయ్యి పెట్టి 139వ కీర్తన చదివి ప్రార్థన చేసేవారు. "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే." ఆ రాత్రి ఆ మాట దగ్గర నేను కళ్ళు తెరిచేశాను.

అక్కకు స్కాన్ తీయించింది నాన్నే. రిపోర్టులో బిడ్డ బరువు ఎంతో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఉంది, దేవుడి పేరు ఎక్కడా లేదు. నాన్న ప్రార్థనలో కణవిభజన లేదు. అయినా బిడ్డను దేవుడే ఇచ్చాడనడానికి ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు, స్కాన్ తప్పనీ ఎవరూ అనలేదు. మా నాయనమ్మ ఇంకా ముందే తేల్చేసింది. కోడిని పొదగేసిన ఏడో రోజు చీకట్లో ఒక్కో గుడ్డునీ టార్చిలైటుకు అడ్డం పెట్టి చూసేది. లోపల ఎర్రటి దారాల్లా రక్తనాళాలు కనిపిస్తే "దేవుడు పని మొదలెట్టాడే" అని కోడి కిందకు తోసేది. కనిపించకపోతే మురిగిపోయేదని పక్కన పెట్టేసేది. ఇరవై ఒక్క రోజులు దేవుడు పని చేస్తాడు, గుడ్లు మాత్రం కోడే పొదగాలి. రెండూ ఆమెకు ఒకే మాట.

మర్నాడు నాన్నను అడిగాను. "ఒక్క బిడ్డను తొమ్మిది నెలలు పట్టించి చేసే దేవుడు, జాతుల్ని కోట్ల ఏళ్ళు పట్టించి చేయకూడదా నాన్నా?"

"మీ పుస్తకం అట్లా చెప్పదుగా అమ్మాయ్. దేవుడు అక్కర్లేదంటుందిగా."

"అక్కర్లేదని ఎక్కడా లేదు నాన్నా. ఆయన ఊసే ఎత్తదు. స్కాన్ రిపోర్టూ ఎత్తలేదుగా."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని బయటికెళ్ళిపోయారు. కోపం వచ్చిందనుకున్నాను. రెండ్రోజుల తర్వాత తన సెమినరీ రోజుల నోట్సు తెచ్చి నా ముందు పెట్టారు. సూర్యుడు నాలుగో రోజున వచ్చాడు కదా, మరి మొదటి మూడు రోజులకు అస్తమయము ఉదయము ఎలా అని మూడో శతాబ్దంలోనే ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు అడిగాడట. ఆకాశం గురించీ భూమి గురించీ మనం తెలిసీ తెలియక మాట్లాడితే, తెలిసిన అవిశ్వాసులు నవ్వుతారు, ఆ తర్వాత పునరుత్థానం గురించి చెప్పినా నమ్మరు అని తొలినాటి బిషప్పు అగస్టీను హెచ్చరించాడట. ఇదంతా డార్విన్ పుస్తకం వచ్చిన 1859కి 1400 ఏళ్ళకు పైనే ముందు మాట. సైన్సుకు భయపడి మనవాళ్ళు ఇప్పుడు అర్థాలు మార్చుకుంటున్నారని ఎవరైనా అంటే, నేను ఇదే చూపిస్తాను.

నాన్న ఆదికాండం మొదటి అధ్యాయాన్ని ఇల్లు కట్టడంతో పోల్చి చెప్పేవారు. మొదటి మూడు రోజులు గదులు: వెలుగు చీకట్లు, ఆకాశం నీళ్ళు, నేల. తర్వాతి మూడు రోజులు ఆ గదుల్లోకి వచ్చేవాళ్ళు, అదే వరసలో: సూర్యచంద్రులు, పక్షులు చేపలు, జంతువులు మనిషి. ఈ ఇల్లు ఎవరిది, ఎందుకు కట్టారు అని చెప్పే అధ్యాయం అది, మేస్త్రీ రాసుకునే లెక్కల పుస్తకం కాదు అనేవారు.

ఇక సైన్సు వైపు. "అది ఉత్తి థియరీయే" అని కూడికల్లో అంటుంటారు. నాకు నవ్వొచ్చేది ఏమిటంటే, మన తెలుగులో సిద్ధాంతం అంటేనే తేల్చి నిర్ణయించినది. మామూలు ఇంగ్లీషులో థియరీ అంటే ఊహ అని కూడా వాడటంతో వచ్చిన తంటా ఇది. కోతి నుంచి మనిషి పుట్టాడని కూడా ఆ సిద్ధాంతం చెప్పదు. మనకీ చింపాంజీకీ ఒకే పూర్వీకులు, సుమారు 60-70 లక్షల ఏళ్ళ కిందట దారులు వేరయ్యాయి అంటుంది.

నన్ను పూర్తిగా ఒప్పించింది సి విటమిన్. మేకకు నిమ్మకాయ అక్కర్లేదు, సి విటమిన్ దాని ఒంట్లోనే తయారవుతుంది. మనకు తయారవదు. అలాగని దాన్ని తయారుచేసే జన్యువు మనలో లేకపోలేదు. ఉంది, పాడైపోయి ఉంది. చింపాంజీలోనూ, మిగతా పెద్ద కోతుల్లోనూ పాడయ్యే ఉంది. పక్కపక్క బెంచీల్లో ఇద్దరు పిల్లలు ఒకే తప్పు స్పెల్లింగు రాస్తే ఇన్విజిలేటర్ ఏమనుకుంటాడు? ఇద్దరూ ఒకే కాగితం చూసి రాశారనే కదా. ఇది చెప్పినప్పుడు నాన్న "అయితే దేవుడు పాడైపోయిన వస్తువు పెట్టాడంటావా?" అన్నారు. మంచి ప్రశ్న. మనిషిని విడిగా ఒక్క రోజులో చేశాడంటే ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వంశంలో వచ్చిందంటే ఉంది. పండ్లు తినే పూర్వీకులకు ఆ జన్యువు చెడిపోయినా లోటు తెలియలేదు, అది అలాగే మనదాకా వచ్చింది.

రెండింటినీ కలిపి నమ్మినవాళ్ళు తక్కువేం కాదు. జీవశాస్త్రంలో ఏదీ పరిణామం వెలుగులో తప్ప అర్థం కాదని 1973లో రాసిన జన్యు శాస్త్రవేత్త డోబ్‌జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు. మనిషి జన్యు సమాచారాన్నంతా చదివే మానవ జీనోమ్ ప్రాజెక్టు నడిపిన ఫ్రాన్సిస్ కాలిన్స్ విశ్వాసి. బఠానీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ మఠవాసి. క్యాథలిక్కుల్లో అయితే 1996లో పోప్ రెండో జాన్ పాలే, పరిణామం ఇక ఉత్త ఊహ కాదని ఒప్పుకున్నారు.

విడని ముడి ఆదాము, ఆదికాండం చెప్పే తొలి మనిషి. మనుషుల జన్యువుల్లో ఉన్న వైవిధ్యం చూస్తే మన పూర్వీకుల సంఖ్య ఎప్పుడూ ఇద్దరికి తగ్గినట్టు లేదు, వేలల్లోనే ఉంది. ఆదాము మనుషులందరి తరఫున నిలబడ్డ ప్రతినిధి అనేవాళ్ళున్నారు. నేనూ అటే మొగ్గుతాను. కానీ బైబిల్లోని రోమా పత్రిక 5వ అధ్యాయం చదివిన ప్రతిసారీ, పాపం వల్ల మరణం వచ్చిందన్న చోట ఆగిపోతాను. మనిషి రాకముందే కోట్ల ఏళ్ళుగా జీవులు చస్తూనే ఉన్నాయి కదా. అక్కడ చెప్పింది మనిషి మరణం గురించేనని కొందరు సర్దుతారు. నాకు సగమే సరిపోతుంది. నాన్న మాత్రం "ఆదాము దగ్గర నన్ను కదపకు" అనేవారు, చివరిదాకా కదల్లేదు. మేము దాని మీద పోట్లాడుకోలేదు.

ఇది ఒక్క మనవాళ్ళ గొడవే కాదు. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ అప్పటి వైస్ ఛాన్సలర్, డార్విన్ కంటే దశావతారాలే మెరుగైన సిద్ధాంతమన్నారు. మా స్టాఫ్ రూములో రెండ్రోజులు అదే చర్చ. ఆరు రోజుల్ని గడియారంతో కొలిచేవాళ్ళకూ, కూర్మం తర్వాత వరాహాన్ని నిచ్చెన మెట్లు చేసేవాళ్ళకూ నాకు తేడా కనిపించదు. తాబేలు నుంచి పంది రాలేదండీ.

మీకు వీలైతే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్ళి కోటసారస్ అనే డైనోసార్‌ను చూడండి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ కాలపు ఎముకలు. మా సండే స్కూల్ పిల్లల్ని తీసుకెళ్తే ఒక బుడ్డోడు మెడ పైకెత్తి చూసి, "టీచర్, ఇది నోవహు ఓడలో పట్టిందా?" అన్నాడు. పట్టదురా అన్నాను. "మరి?" అన్నాడు. ఇంటికెళ్ళేదాకా బస్సులో ఆ "మరి" గురించే మాట్లాడుకున్నాం.

ఇంట్లో ఈ రాత్రికి రాత్రే తేల్చుకోవాలని కూర్చోకండి, ముఖ్యంగా కుటుంబ ప్రార్థన మధ్యలో. ఇంట్లో కాస్త చదివే అలవాటున్న పెద్దవాళ్ళు ఎవరో చూసుకుని, వాళ్ళతో ఒంటరిగా మొదలుపెట్టండి. పరీక్ష సంగతి వేరు. ఈ చాప్టర్ నుంచి పెద్ద ప్రశ్న తరచూ వస్తుంది, ఛాయిస్‌లో మాత్రం వదలకండి.