మనవరాలికి లాటిన్ బడి: ఒక అమ్మమ్మ అడిగిన ప్రశ్న

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటారు. వచ్చే ఆగస్టులో మనవరాలిని మూడో తరగతికి ఒక క్యాథలిక్ క్లాసికల్ స్కూల్లో చేర్చాలనుకుంటున్నారు. లాటిన్ నేర్పుతారట. పద్యాలు కంఠస్థం చేయిస్తారట. ట్యాబ్ ముట్టనివ్వరట. చర్చిలో పూజకు కూడా తీసుకెళతారట. మేము వెంకటేశ్వరస్వామి భక్తులం, శాకాహారులం. పాప మనది కాకుండా పోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. మా ఆయనేమో "నువ్వు చదివింది కాన్వెంటులోనే కదా, ఏమైంది?" అంటున్నారు. మీరు క్యాథలిక్కులు, తిరుపతిలో టీచరుగా చేశారు కాబట్టి అడుగుతున్నాను.
– ఒక అమ్మమ్మ, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన మాటకు జవాబు చెప్పాలి. మీరు చదివిన కాన్వెంటూ ఈ బడీ ఒకటి కాదు. నేను తిరుపతిలో సిస్టర్ల స్కూల్లో తెలుగు చెప్పాను. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన, క్రైస్తవ పిల్లలకు విడిగా సత్యోపదేశం, మిగతా పిల్లలకు మోరల్ సైన్స్. ఆ తర్వాత అందరికీ ఒకే స్టేట్ సిలబస్. గోడమీద మరియమ్మ పటం ఉన్నా లెక్కల పాఠం లెక్కల పాఠమే. మన ఊళ్లలో పిల్లల్ని అక్కడికి పంపేది ఇంగ్లీషు కోసం, క్రమశిక్షణ కోసం. క్యాథలిక్ క్లాసికల్ స్కూల్లో చదువునూ విశ్వాసాన్నీ అలా విడదీయడం కుదరదు. చరిత్ర, సాహిత్యం, పాట, చివరికి చెట్టు కింద కూర్చుని ఆకు బొమ్మ గీయడం కూడా దేవుడి సృష్టిని తెలుసుకోవడమేనని నమ్మి చెబుతారు. మీ అమ్మాయి, అల్లుడు ఈ సంగతి తెలిసే చేరుస్తున్నారా? నేను మొదట అడిగేది ఇదే.

చదువు పద్ధతి మాత్రం పాతదే. మధ్యయుగాల యూరప్‌లో ముందు వ్యాకరణం, తర్కం, వక్తృత్వం నేర్పేవారు. తర్వాత అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం. 1599లో జెసూట్లు అనే క్యాథలిక్ సన్యాస సభ గురువులు తమ బడులన్నిటికీ కలిపి ఒక పాఠ్యప్రణాళిక ఖరారు చేసుకున్నారు. అందులో లాటిన్‌దే పెద్దపీట. 1947లో డొరొతీ సేయర్స్ అనే రచయిత్రి ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఆ మొదటి మూడు విద్యలను పిల్లల వయసుతో ముడిపెట్టింది. చిన్నప్పుడు వల్లెవేయడం ఇష్టం, కాస్త ఎదిగాక ఎదురువాదం ఇష్టం, ఆ తర్వాత తన మాట అందంగా చెప్పాలన్న తపన. అమెరికాలో ఇప్పటి క్లాసికల్ బడులు చాలావరకు ఈ ఆలోచనమీదే నడుస్తున్నాయి. మేరీల్యాండ్‌లోని హయట్స్‌విల్ అనే ఊళ్లో సెయింట్ జెరోమ్ విచారణ (అంటే ఒక చర్చి పరిధిలోని క్యాథలిక్ సంఘం) నడిపే బడి, పిల్లలు తగ్గిపోయి మూతపడే స్థితికి వచ్చి, 2010లో ఈ పద్ధతికి మారి నిలదొక్కుకుంది. మినెసోటాలో 2008లో చెస్టర్‌టన్ అకాడమీ అనే హైస్కూలును మొదలుపెట్టింది కొందరు తల్లిదండ్రులే. ఇప్పుడు ఆ పేరుతో, ఆ నమూనాతో చాలా ఊళ్లలో బడులున్నాయి. ఇలాంటి బడి తల్లిదండ్రులు పూనుకుంటేనే నిలుస్తుంది. మీవాళ్లనుంచి కూడా అది ఆశిస్తుంది.

మా అమ్మాయి పిల్లలు ఒహాయోలో ఇలాంటి బడికే వెళతారు. అక్కడున్నప్పుడు నేను లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు అతికించాను, మధ్యాహ్నం భోజనాల దగ్గర చిన్నపిల్లల్ని చూసుకున్నాను. పొద్దున ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి ప్రతి పిల్లవాడినీ పేరుపెట్టి పలకరిస్తాడు. పిల్లవాడు అతని కళ్లలోకి చూసి చేయి కలిపి లోపలికి పోవాలి. పన్నెండు కొట్టగానే ఎక్కడివాళ్లక్కడ లేచి త్రికాల జపం చెబుతారు, రోజుకు మూడుసార్లు చెప్పే మరియమ్మ ప్రార్థన అది. వంటావిడ కూడా గరిటె పక్కన పెట్టి నిలబడేది. పిల్లలందరినీ పునీతుల (సెయింట్ల) పేర్లున్న నాలుగు జట్లుగా చేస్తారు. ఒక్కో జట్టులో అన్ని తరగతుల పిల్లలూ ఉంటారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకటో తరగతి పిల్ల చేయిపట్టుకుని చర్చికి నడిపిస్తుంది. పెద్దపిల్ల చిన్నదాన్ని విసుక్కోవడం నేను చూడలేదు. నాకు ఆ బడిలో అన్నిటికంటే నచ్చింది ఇదే. మన స్కూళ్లలో పదో తరగతి వాళ్లకు చిన్నపిల్లల ముఖమైనా తెలియదు, స్టడీ అవర్లు సరిపోతాయి.

నవంబరు ఒకటిన సకల పునీతుల పండగ. పిల్లలు ఒక్కో పునీతుడి వేషం కట్టి ఆయన కథ చెబుతారు. ఎవరింట్లోనైనా బిడ్డ పుడితే మిగతా తల్లులు వంతులేసుకుని వంట చేసి పంపుతారు. మా అల్లుడి ఆపరేషనప్పుడు మా ఇంటికీ వచ్చింది, ముక్కూముఖం తెలియని వాళ్లనుంచి. ఆ ఋణం ఎలా తీర్చాలని మా అమ్మాయి ఆలోచిస్తుంటే, "వచ్చే నెల నీ వంతు" అని పేరు రాసుకున్నారు.

భోజనం గురించి మీకు బెంగ అక్కరలేదు. బాక్సు ఇంటినుంచే పెట్టవచ్చు. మా మనవడు పెరుగన్నం, ఊరగాయ తీసుకెళ్లేవాడు. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారాలు క్యాథలిక్కులే మాంసం ముట్టరు. పుట్టినరోజులకు పంచే మార్ష్‌మాలోలు, జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువులనుంచి తీసేది. ఆ ఒక్కటీ టీచరుతో ముందే చెప్పించండి.

ఇక మతం సంగతి. ఎవరినీ వాళ్ల అంతరాత్మకు వ్యతిరేకంగా క్యాథలిక్ విశ్వాసంలోకి బలవంతంగా తేకూడదని మా శ్రీసభ, అంటే క్యాథలిక్ చర్చి, చట్టమే చెబుతుంది. 1983 నాటి చట్టంలో 748వ నియమం అది. పూజలో అందరూ లేచినప్పుడు మీ పాప లేస్తుంది, కూర్చుంటే కూర్చుంటుంది. పూజలో ఇచ్చే అప్పం, దివ్యసత్ప్రసాదం, క్యాథలిక్కులకే కాబట్టి పాప తన చోటే ఉండవచ్చు. లేదా చాలాచోట్ల చేసేలా, చేతులు ఛాతీమీద అడ్డంగా పెట్టుకుని వెళితే ఫాదర్ గారు ఆశీర్వదిస్తారు. ఇవి భయపడాల్సినవి కావు. అయితే ఒకటి దాచకుండా చెప్పాలి. ఏసుప్రభువు గురించి అక్కడ ‘క్రైస్తవులు ఇలా నమ్ముతారు’ అని చెప్పరు, ‘ఇది సత్యం’ అనే చెబుతారు. పాప ఒకరోజు ఇంటికొచ్చి, వెంకన్న ఎవరు, ఏసు ఎవరు అని అడుగుతుంది. ఆ రోజు విసుక్కోకుండా, మాట దాటేయకుండా కూర్చుని జవాబు చెప్పే ఓపిక మీ అమ్మాయికి, అల్లుడికి ఉండాలి. లేకపోతే వేరే బడి చూసుకోవడం మంచిది. క్యాథలిక్‌గా ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు. మనసులో సగం అనుమానంతో చేర్చిన పిల్ల రోజూ రెండు ఇళ్ల మధ్య నలుగుతుంది.

క్లాసికల్ పద్ధతి నచ్చి, మతం వద్దనుకుంటే టెక్సస్‌లోనే గ్రేట్ హార్ట్స్ బడులున్నాయి. ప్రభుత్వ నిధులతో నడుస్తాయి, ఫీజు లేదు, లాటిన్ ఉంది, మతబోధ లేదు. ఈ సంగతి మీ అమ్మాయికి తప్పక చెప్పండి.

ట్యాబ్ లేకపోతే వెనకబడుతుందేమోనన్న దిగులు వదిలేయండి, కంప్యూటరు తర్వాతైనా వస్తుంది. కాలేజీ సీటు విషయానికొస్తే, ఈ బడులవాళ్ల కోసం 2015లో క్లాసిక్ లెర్నింగ్ టెస్ట్ అనే పరీక్ష వచ్చింది. 2023నుంచి ఫ్లోరిడా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కూడా దాన్ని తీసుకుంటున్నాయి. మామూలు శాట్ పరీక్ష ఎటూ ఉంది.

పాప మనది కాకుండా పోవడం, పోకపోవడం బడిమీద కంటే ఇంటిమీదే ఎక్కువ ఆధారపడుతుంది. రోజూ ఏదో ఒకటి నోటికి నేర్చుకునే అలవాటున్న పిల్లకు సుమతీ పద్యం బరువు కాదు. వీడియో కాల్‌లో ‘అన్నం తిన్నావా, స్నో పడిందా’ తో ఆపకండి. వారానికొక పద్యం, నెలకొక అన్నమయ్య కీర్తన చెప్పించండి. తాళ్లపాక ఎక్కడుంది, రాగిరేకులు తిరుమల కొండమీద ఎక్కడ దొరికాయి, చెప్పండి. బడిలో పిల్లలు తమ ఇంటి పండగ గురించి చెప్పే రోజేదైనా ఉంటే సంక్రాంతికి ముగ్గుపిండి పొట్లం కట్టి పంపండి. మీరు అక్కడికి వెళ్లినప్పుడు లైబ్రరీలోనో భోజనాల దగ్గరో సాయానికి పేరివ్వండి. మీ పాప రోజంతా ఎవరి మధ్య పెరుగుతోందో మీ కళ్లతో మీరే చూస్తారు.

ప్రశ్న: క్లాసికల్ బడుల్లో ఇంత కంఠస్థం చేయిస్తే పిల్లల్లో సొంత ఆలోచన చచ్చిపోదా?
– ఒక తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: కంఠస్థం దగ్గరే ఆపేస్తే చచ్చిపోతుంది. మన దగ్గర పరీక్షకు ముందు బట్టీపట్టి, రాసి మరిచిపోయే ప్రశ్న–జవాబులు అలాంటివే. ఈ బడుల్లో చిన్న తరగతుల్లో నేర్చుకున్నది పెద్ద తరగతుల్లో చర్చకు వస్తుంది. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. టీచరు జవాబు చెప్పదు, అడుగుతుంది. ‘నాకు అలా అనిపించింది’ అంటే ఒప్పుకోరు, పుస్తకంలో ఏ వాక్యంలో ఉందో వేలుపెట్టి చూపించాలి. ఒహాయోలో తొమ్మిదో తరగతి పిల్లలు, గ్రీకు కవి హోమర్ కావ్యంలో అకిలీస్ అనే వీరుడి కోపం న్యాయమా కాదా అని గంటసేపు వాదించుకుంటుంటే వెనక కూర్చుని విన్నాను. వాళ్లలో ఒకమ్మాయి మధ్యలో ఆగి, "నువ్వు చెప్పిందే సరి" అని ఒప్పుకుని తన మాట మార్చుకుంది. అలాంటి క్లాసు మనకూ కావాలి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మన జిల్లాలో ఉంటూ లాటిన్ నేర్చుకోవడం వల్ల ఉపయోగముందా?
– ఒక విద్యార్థి, రేణిగుంట

జవాబు: ఉంది నాయనా. మన ప్రాంతానికి లాటిన్ కొత్త కాదు. 18వ శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచి జెసూట్లు పుంగనూరు వైపు వచ్చారు. వాళ్ల తర్వాత తెలుగు నేలమీద పనిచేసిన కేర్డూ అనే జెసూట్ గురువు సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒకే మూలంనుంచి వచ్చి ఉండాలని గమనించి, 1767లో పారిస్ పండితులకు రాశాడు. కలకత్తాలో విలియం జోన్స్ అదే మాట చెప్పింది 1786లో. నువ్వు తిరుపతి పక్కనే ఉన్నావు. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం నీకు సిటీ బస్సు దూరం. ముందు శబ్దమంజరి అనే సంస్కృత శబ్దరూపాల పుస్తకం పట్టుకుని సంస్కృతం విభక్తులు గట్టిగా నేర్చుకో. ఎనిమిది విభక్తులు వచ్చినవాడికి లాటిన్ విభక్తులు భయపెట్టవు. లాటిన్ వ్యాకరణాలు పాతవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రోజుకు అరగంట చాలు, కానీ గట్టిగా పైకి చదవాలి.