చివరి దశ అన్నారని నాలుగు రోజులు ఆగుతారా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఇక చికిత్సతో లాభం లేదు, నొప్పి లేకుండా చూసుకోండని ఇంటికి పంపించారు. మూడు వారాలుగా మార్ఫిన్ మాత్రలు వాడుతున్నారు. నాలుగు రోజుల నుంచి కొంచెం కొంచెంగా నీళ్ల విరేచనాలు. ఇంట్లో ఉన్న మాత్రలు వేసినా ఆగలేదు. నడుం నొప్పి పెరిగిందంటే వేరే పెయిన్ కిల్లర్ కూడా ఇచ్చాం. నీరసానికి కాళ్లు తూలుతున్నాయి. నిన్నటి నుంచి పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. రాత్రి నిద్ర పట్టక అవస్థ పడుతుంటే అమ్మ వేసుకునే నిద్రమాత్ర సగం ఇచ్చాం. ఏమీ తినడం లేదు. బలం రావడానికి ఏం పెట్టాలి? సెలైన్ ఎక్కించమంటారా?

డాక్టర్ సలహా: తిండి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కాళ్ల సంగతి చెప్పండి. మీరు నీరసం అని ఒక్క ముక్కలో రాసేశారు గానీ, క్యాన్సర్ ఎముకలకు పాకిన మనిషికి నడుం నొప్పి పెరిగి, అదే సమయంలో కాళ్లు తూలుతున్నాయంటే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందేమోనని మేం మొదట అనుమానిస్తాం. మూత్రం సరిగా వస్తోందా? చుక్కలు చుక్కలుగా వస్తోందా, లేక పొద్దున్నుంచీ అసలు పోయలేదా? కాళ్లకు, కూర్చునే చోట తిమ్మిరిగా ఉందంటున్నారా? అది వెన్నుపాము సమస్యే అయితే ప్రతి గంటా విలువైనదే. మనిషి ఇంకా నడుస్తుండగానే స్టెరాయిడ్లు, రేడియేషన్ మొదలుపెడితే నడక నిలిచే అవకాశం బాగా ఉంటుంది. కాళ్లు పూర్తిగా పడిపోయాక మళ్లీ రావడం అరుదు. ఈ విషయం ఒక్కటి చాలు, ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి. రేపు కాదు.

ఇక విరేచనాలు. చూడకుండా ఇదేనని చెప్పలేను, కానీ నాకు ఇవి మామూలు విరేచనాల్లా అనిపించడం లేదు. మార్ఫిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది. మొదట్లో వచ్చే వికారం, మగత చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి గానీ మలబద్ధకం సర్దుకోదు. మాత్ర ఎన్నాళ్లు వాడితే అన్నాళ్లూ విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా పక్కన నడవాల్సిందే. మీరు రాసినదాంట్లో ఆ మందు ఊసే లేదు. లోపల మలం గట్టిపడి అడ్డంగా కూర్చుంటే, పైనుంచి వచ్చే నీళ్ల మలం దాని పక్కల నుంచి జారి బట్టకు అంటుతూ ఉంటుంది. ఇంట్లోవాళ్లకు అది విరేచనాల్లాగే కనిపిస్తుంది. దానికి విరేచనాలు ఆగే మాత్ర వేస్తే ఉన్న అడ్డు ఇంకా బిగుస్తుంది. ఆయనకు చివరిసారి గట్టిగా, సరిగ్గా ఎప్పుడు అయిందో గుర్తుచేసుకోండి. వారం దాటిందంటే నా అనుమానం బలపడినట్టే. డాక్టరు పొట్ట తడిమి, మలద్వారంలో వేలుపెట్టి చూస్తేగానీ తేలదు. అలాగని మీరే గబగబా విరేచనాల మందు పట్టేయకండి, పేగులోనే అడ్డం ఉంటే అది ప్రమాదం.

నిన్నటి నుంచి పొంతన లేని మాటలంటున్నారు. చాలామంది దీన్ని జబ్బు ముదిరిందనుకుని, ఏడ్చుకుంటూ కూర్చుండిపోతారు. ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి మొదలైన అయోమయానికి చాలాసార్లు సరిచేయగల కారణం ఉంటుంది: మూత్రం నిండిపోయి రాకపోవడం, ఇన్ఫెక్షన్, మలం బిగుసుకోవడం, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో సోడియం, కాల్షియం తేడాలు, మందులు. నోటితో చెప్పలేని ఆయన చెయ్యి మాటిమాటికీ పొత్తికడుపు మీదకు పోతోందా? అక్కడ మెల్లగా నొక్కితే గట్టిగా, ఉబ్బుగా తగిలి ఆయన మొహం చిట్లిస్తున్నారా? అలాగైతే మూత్రం ఆగి ఉండొచ్చు. గొట్టం వేసి తీస్తే కొద్ది నిమిషాల్లోనే ఆ మనిషి మొహం తేటపడటం నేను ఎన్నోసార్లు చూశాను.

కొంచెం కోపంగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. డ్రాయర్లో మిగిలిన స్ట్రిప్పులు వెతికి ఇవ్వడం ఏమిటండీ? మార్ఫిన్ వాడుతున్న మనిషికి వేరొకరి నిద్రమాత్ర ఇస్తే, సగమే అయినా, శ్వాస మందగించవచ్చు. అయోమయం కూడా తగ్గకపోగా పెరగొచ్చు. మీరు ఇచ్చిన పెయిన్ కిల్లర్ ఏ రకమో రాయలేదు. డైక్లోఫెనాక్ లాంటిదైతే కిడ్నీల మీద భారం, పైగా కడుపులో రక్తస్రావం భయం. మూత్రం ఆగి ఉంటే కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిని ఉండొచ్చు. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే మార్ఫిన్ తాలూకు పదార్థాలు ఒంట్లో పేరుకుని మత్తు, తికమక, చేతులు ఉలిక్కిపడినట్టు అదరడం మొదలవుతాయి. చూడండి, ఒకదాని వెనక ఒకటి ఎలా అల్లుకుంటాయో. ఇది చదివి భయపడి మార్ఫిన్ మీకు మీరే ఆపేయకండి. నొప్పి విరుచుకుపడుతుంది. డోసు మార్చాలా, మందే మార్చాలా అన్నది రాసిన డాక్టరు చెప్పాలి. పిలిచినా కళ్లు తెరవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా మాత్రం తర్వాతి డోసు ఇవ్వకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

చికిత్స లేదన్నారు కదా, ఇంకెందుకు ఆయన్ని కదిపి బాధపెట్టడం అనుకుని ఉంటారు, అర్థమవుతుంది. క్యాన్సర్‌ను తగ్గించలేమన్నారు. బిగుసుకున్న మలాన్ని, ఆగిన మూత్రాన్ని తీయడం దానికి సంబంధం లేని పని. అది ఎప్పుడైనా చేయొచ్చు, చేయాలి కూడా. ఇంటికి వచ్చి చూసే పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) వాళ్లు ఉంటే ముందు వాళ్లకే ఫోన్ చేయండి. కానీ కాళ్ల బలహీనత సంగతి మొదటి మాటలోనే చెప్పండి.

మీరు అడిగిన దానికి వస్తే, ఈ దశలో ఆకలి చచ్చిపోవడం జబ్బు లక్షణమే. బలవంతంగా పెడితే బలం రాదు. మగతగా ఉన్నప్పుడు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పూర్తి మెలకువలో, కూర్చోబెట్టి, అడిగినంతే, చెంచాతో. తాగలేకపోతే పెదవులు, నాలుక తడుపుతూ ఉండండి. సెలైన్ అందరికీ కాదు. ఒంట్లో నీరు నిజంగా తగ్గితే ఉపయోగం, లేదంటే కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది. పరీక్ష చేశాక వాళ్లే నిర్ణయిస్తారు.

వెళ్లేటప్పుడు ఇచ్చిన ప్రతి స్ట్రిప్పూ, ఆ నిద్రమాత్రతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ఏది ఎన్ని గంటలకు ఇచ్చారో, మూత్రం చివరిసారి ఎప్పుడు వచ్చిందో కాగితం మీద రాసుకోండి. అక్కడ టెన్షన్‌లో గుర్తుండదు.