పెళ్లిచూపుల్లో అబ్బాయి "మీరు వర్జినేనా" అని అడిగితే ఏం చెప్పాలి?

డిగ్రీలో ఒకబ్బాయిని ఇష్టపడ్డారు, ముద్దుల దాకా వెళ్లి ఆగిపోయారు. ఇప్పుడు సంబంధం వాళ్లబ్బాయి మేడ మీదకి పిలిచి ఇది అడిగాడు, అవునో కాదో మీకే తేలట్లేదు. అంతేగా?

తేలదండీ. గుంటూరు బ్రాడీపేట హాస్టల్లో మా గదిలో ఒక రాత్రంతా ఇదే వాదన. ముద్దుతోనే పోతుందని ఒకమ్మాయి, మనసిస్తేనే పోయినట్టని ఇంకొకమ్మాయి, రక్తం కనబడితేనే రుజువని మూడో అమ్మాయి. నేను మూడోదాని మాట నమ్మాను, ఖర్మ.

విజయవాడ వన్‌టౌన్‌లో మా అత్తగారిల్లు. శోభనం మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి అత్తయ్య దుప్పటి లాగి కిటికీ వెలుగుకి పట్టుకుని చూస్తోంది. తెల్ల దుప్పటి, అంచుకి నీలం గళ్లు. మరక లేదు. ఏమీ అనలేదు, ఉండచుట్టి బకెట్లో పడేసింది. మరకే లేనిదాన్ని ఉతకడం దేనికో! ఏ పాపం ఎరగని నేను రెండు నెలలు ఆ ఇంట్లో దొంగలా తిరిగాను.

చివరికి సూర్యారావుపేటలో ఒక డాక్టరమ్మ దగ్గర కూర్చుని ఏడ్చేశాను. "కన్నెపొర మూత కాదమ్మా. మూతే అయితే నెలనెలా బహిష్టు ఎట్లా బయటికొచ్చింది?" అందావిడ. కొందరికి సాగుతుందట, కొందరికి చిరుగుతుందట, కొందరికి పుట్టుకతోనే ఉండీ లేనట్టుంటుందట. చూసి చెప్పడం ఏ డాక్టరు వల్లా కాదు. కన్యత్వం అసలు వైద్యంలో పదమే కాదని, ఆ పరీక్షలు మానేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. అత్యాచారం కేసుల్లో కూడా, యోనిలో వేళ్లు పెట్టి చూసే ఆ రెండు వేళ్ల పరీక్ష చేయకూడదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అబ్బాయి తరఫువాళ్లు టెస్టు మాటెత్తితే మాత్రం ఆ సంబంధం వదిలేయండి.

మా ఆయన లెక్క ఇంకోటి. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఒకమ్మాయితో రెండేళ్లు తిరిగాడు. "అంతదాకా పోలేదులే, నేను వర్జినే" అన్నాడు ధీమాగా. "మరి ఆ మిగతావన్నీ నేనూ చేసొచ్చుంటే?" అన్నాను. ఫ్యాను స్పీడు తగ్గించడానికి లేచాడు. పదేళ్లయింది, జవాబు రాలేదు.

తెనాలిలో మా అమ్మమ్మ రోజూ పొద్దున్నే పంచకన్యల శ్లోకం చదువుకునేది. అహల్య, ద్రౌపది, కుంతి, తార, మండోదరి, అందరూ పెళ్లయినవాళ్లే, ద్రౌపదికైతే ఐదుగురు మొగుళ్లు. వీళ్లు కన్యలెట్లా అయ్యారే అనడిగితే, తమలపాకుకి సున్నం రాస్తూ, "మీ అత్త దుప్పట్లో వెతికిన కన్య వేరు, నేను పొద్దున్నే తలుచుకునే కన్య వేరు" అంది.

మీ స్థానంలో నేనుంటే, "మీరు దేన్ని లెక్కేస్తున్నారు? మీకూ అదే లెక్కా?" అని ముందు ఆ అబ్బాయినే అడుగుతాను. నచ్చేలా మాట్లాడితే పాత స్నేహం సంగతి నేనే చెప్పేస్తాను, రేపు ఇంకెవరో చేరవేసే కంటే నయం. ముద్దుల గురించి చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం. "కాదు" అని మాత్రం నా నోటితో అనను.