టెక్ సందేహాలు: పైనుంచి చూస్తే బ్రిటన్, పక్కనే ఓఎస్ మ్యాపు

సందేహం: మా బాబు ఇంగ్లండ్‌లో ఇయర్ 4 చదువుతున్నాడు. ఏరియల్ ఫోటోను, మ్యాపును పోల్చి చూడటం నేర్పమని స్కూల్లో చెప్పారు. గూగుల్ ఎర్త్ తెరిచిస్తే విమానంలా గింగిరాలు కొట్టిస్తున్నాడే గానీ ఏమీ గమనించడం లేదు. డబ్బు కట్టకుండా ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి? (రీడింగ్ నుంచి ఓ తండ్రి)

ముందు ఎగరడం మాన్పించండి. మ్యాపు నిట్టనిలువుగా పైనుంచి చూసిన బొమ్మ. త్రీడీలో ఏటవాలుగా చూసే పిల్లాడికి ఇంటి గోడా కనిపిస్తుంది, కప్పూ కనిపిస్తుంది. మ్యాపులో గోడకు చోటే లేదు. రెంటికీ పొంతన కుదరక విసుగొస్తుంది. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, అది ఉచితమే. 'యు' మీట నొక్కితే చూపు నిలువుగా కిందికి వస్తుంది, 'ఎన్' నొక్కితే ఉత్తరం పైకి తిరుగుతుంది. ఎడమ పక్క లేయర్లలో త్రీడీ బిల్డింగ్స్ టిక్కు తీసేయండి.

మ్యాపు కోసం నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ మ్యాప్స్ సైటులో సైడ్ బై సైడ్ వ్యూయర్ ఉంది. పేరు స్కాట్లండ్‌దే అయినా ఇంగ్లండ్, వేల్స్ కూడా ఉంటాయి. ఎడమ వైపు 1937–61 నాటి 1:25,000 ఓఎస్ (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే) మ్యాపు, కుడి వైపు శాటిలైట్ ఫోటో ఎంచుకోండి. ఒకటి జరిపితే రెండోదీ దానంతట అదే జరుగుతుంది. మౌస్ ఎక్కడుందో ఆ చోటి గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపు గడుల్లో ఆ చోటి చిరునామా చెప్పే అక్షరాలు, అంకెలు) కూడా తెర మీద కనిపిస్తుంది.

మొదటి పాఠానికి మీ వీధి వద్దు. వాడికి అన్నీ ముందే తెలుసు కాబట్టి చూడకుండానే చెప్పేస్తాడు. ఈస్ట్ ససెక్స్‌లో సెవెన్ సిస్టర్స్ కొండల పక్కనున్న కక్‌మియర్ హేవెన్ తీసుకోండి. దాని చదరం టీవీ 51 98. ఈ టీవీ మన హాల్లో మోగేది కాదు, 100 కిలోమీటర్ల గ్రిడ్ చదరానికి పెట్టిన అక్షరాలు. అక్కడ నది పాములా మెలికలు తిరుగుతుంది. దాని పక్కనే స్కేలు పెట్టి గీసినట్టు ఇంకో కాలువ తిన్నగా సముద్రంలోకి పోతుంది.

మ్యాపు చూపించకుండా ముందు ఫోటో ఒక్కటే ప్రింటు తీసి, మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి క్లిప్పులు బిగించండి. నీళ్లకు నీలం, దారులకు ఎరుపు, చెట్లకు ఆకుపచ్చ, కట్టడాలకు నలుపు. ఇరవై నిమిషాలు చాలు. మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో మనుషులు తవ్వింది ఏది, నది తానుగా చేసుకుంది ఏది?" తిన్నటి గీత దగ్గర వాడి వేలు ఆగుతుంది. వరద నీరు తొందరగా సముద్రంలోకి పోవాలని 1840ల్లో తవ్విన కాలువ అది. అసలు ప్రవాహమంతా అందులోనే పోతుంది, మెలికల్లో ఉన్నది దాదాపు నిలవ నీరు. వాడు గీసింది అయ్యాకే మ్యాపు తెరవండి. ఫోటోలో కార్ పార్కులో కార్లున్నాయి, మ్యాపులో లేవు. మ్యాపులో ఊరి పేర్లు, కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఉన్నాయి, ఫోటోలో లేవు. ఈ తేడాల జాబితా వాడి చేతే రాయించండి. ఫోటో ఆ క్షణాన కనపడిందంతా పట్టుకుంటుంది, మ్యాపు సర్వేయరు ఏరుకున్నదే చూపిస్తుంది. ఇది తలకెక్కితే గుర్తులు బట్టీ పట్టే అవసరం చాలా తగ్గుతుంది.

తీరం గీత రెండింటిలో కలవకపోతే కంగారు పడకండి. ఓఎస్ మ్యాపు సగటు పోటు గీత, సగటు ఆటు గీత చూపిస్తుంది. ఫోటో తీసిన గంటకు సముద్రం ఎక్కడుంటే అక్కడ ఉంటుంది.

సందేహం: పాపకు గ్రిడ్ రిఫరెన్స్ ఎన్నిసార్లు చెప్పినా అంకెలు తారుమారు చేస్తోంది. పైగా ఒక చోట 99 తర్వాత 00 వచ్చిందని మ్యాపే తప్పంటోంది. (లీడ్స్)

మ్యాపు తప్పు కాదు, పాప గమనించింది మంచి విషయం. ముందు వరండాలో నడవాలి, తర్వాత మెట్లెక్కాలి. అంటే ముందు ఎడమ నుంచి కుడికి వెళ్లే ఈస్టింగ్, తర్వాత కింది నుంచి పైకి వెళ్లే నార్తింగ్. చదరానికి పేరు దాని కింది ఎడమ మూలది. పిల్లలు మధ్యలో వేలు పెట్టి దగ్గరున్న గీత అంకె చదివేస్తారు, సగం తప్పులు అక్కడే. 99 దాటితే 00 వచ్చిందంటే 100 కిలోమీటర్ల చదరం మారింది, అక్షరాలూ మారతాయి. పైన చెప్పిన కక్‌మియర్ దగ్గరే చూడొచ్చు: టీవీ 51 99కి సరిగ్గా పైనున్న చదరం టీక్యూ 51 00. అక్షరాలు రాయకుండా వట్టి అంకెలు రాస్తే అవే అంకెలు బ్రిటన్‌లో ఎన్నో చోట్ల దొరుకుతాయి.

నాలుగంకెలది 1 కిలోమీటరు చదరం, ఆరంకెలది 100 మీటర్ల చదరం. నాలుగంకెలు తడుముకోకుండా వచ్చేదాకా ఆరంకెల జోలికి వెళ్లకండి.

సందేహం: పుస్తకంలో ఉన్న గ్రిడ్ రిఫరెన్స్‌ను ఒక ఫార్ములాతో అక్షాంశ రేఖాంశాలుగా మార్చి గూగుల్ ఎర్త్‌లో పెడితే పిన్ను పక్క పొలంలో పడుతోంది. (హైదరాబాద్, భౌగోళిక శాస్త్రం టీచర్)

రెండు పొరపాట్లు కలిసి వస్తున్నాయి. ఓఎస్ గ్రిడ్ లెక్క ఓఎస్‌జీబీ36 అనే డేటమ్ (భూమి మీద చోట్లను కొలవడానికి పెట్టుకున్న ఆధారం) మీద నడుస్తుంది, గూగుల్, జీపీఎస్ డబ్ల్యూజీఎస్84 వాడతాయి. ఫార్ములా మొదటిదాంట్లోనే ఆగిపోతే పిన్ను దాదాపు 100 మీటర్లు జరుగుతుంది. గ్రీనిచ్‌లో నేల మీద గీసిన సున్నా రేఖాంశ గీతకూ, ఫోన్ సున్నా రేఖాంశం చూపే చోటుకూ 102 మీటర్ల ఎడం కూడా ఈ కోవదే. డేటమ్ మార్పు చేసే కన్వర్టర్‌నే వాడండి. రెండోది, ఆరంకెల రిఫరెన్స్ చదరం మూలను ఇస్తుంది. మధ్యకు రావాలంటే ప్రతి సగం చివరా 5 చేర్చండి: ఎస్‌యూ 301 866ను ఎస్‌యూ 3015 8665గా. ఇది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని అఫింగ్టన్ తెల్ల గుర్రం. కొండ మీద సుద్దతో నింపిన ఆ బొమ్మ పొడవు సుమారు 110 మీటర్లు, అంటే ఆరంకెల చదరంలో పట్టదు. పిల్లలకు ఆరంకెల చదరం ఎంతో చూపించడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు.

సందేహం: ఫోటోలో లోయలు గుట్టల్లా, గుట్టలు గుంటల్లా కనిపిస్తున్నాయి. మా పిల్లకూ అలాగే ఉందట. స్క్రీన్ లోపమా? (మిల్టన్ కీన్స్)

స్క్రీన్ బాగానే ఉంది, మెదడే మోసపోతోంది. వెలుతురు పైనుంచి పడుతుందని మన కళ్లకు అలవాటు. బ్రిటన్ దాదాపు మొత్తం 50 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి ఎగువన ఉంది కాబట్టి మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు, నీడలు ఉత్తరానికి పడతాయి. ఉత్తరం పైకి పెట్టిన ఫోటోలో వెలుతురు కింది నుంచి వచ్చినట్టవుతుంది, దాంతో ఎత్తుపల్లాలు తిరగబడతాయి. హైదరాబాద్‌లో ఏటా రెండు రోజులు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అప్పుడు నిలువు స్తంభానికి నీడే ఉండదు. అందుకే మనకు ఇది వెంటనే తట్టదు.

మందు చిన్నదే: ఫోటోను 180 డిగ్రీలు తిప్పి దక్షిణం పైకి పెట్టండి, గుట్ట గుట్టలా లేస్తుంది. లైడార్ (లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచే పద్ధతి) బొమ్మల్లో సాధారణంగా ఈ ఇబ్బంది రాదు, వాటిలో వెలుతురును వాయవ్యం నుంచి, 45 డిగ్రీల ఎత్తులో వేస్తారు. పైన చెప్పిన స్కాట్లండ్ లైబ్రరీ వ్యూయర్‌లోనే లైడార్ పొర కూడా ఉంది. చెట్లు, ఇళ్లు తీసేసిన నేల దొరుకుతుంది కాబట్టి మధ్యయుగపు దున్నకం చాళ్లు దువ్వెన పళ్లలా బయటపడతాయి. మిడ్‌లాండ్స్ పచ్చికబయళ్లలో వెతకండి.

నీడలు పనికిరానివి కావు. చర్చికి గోపురం ఉందో లేదో పైనుంచి తెలియదు, నీడ పొడవే చెబుతుంది. పాత చర్చిలు చాలావరకు తూర్పు-పడమరలుగా కడతారు, టవరు మామూలుగా పడమటి కొసన ఉంటుంది. దిక్కు రాయని ఫోటో దొరికితే పిల్లను ముందు చర్చి వెతకమనండి.

సందేహం: మ్యాపు ప్రింటు తీస్తే స్కేలుతో కొలిచిన దూరం తప్పు వస్తోంది. (విజయవాడ, మనవడు మాంచెస్టర్‌లో)

ప్రింటు డైలాగ్‌లో 'ఫిట్ టు పేజ్' ఉండి ఉంటుంది. దాన్ని తీసేసి 'యాక్చువల్ సైజ్', 100 శాతం పెట్టండి. 1:25,000లో 1 కిలోమీటరు గడి సరిగ్గా 4 సెంటీమీటర్లు, 1:50,000లో 2. స్కేలుతో గడిని కొలిచి చూసుకున్నాకే మనవడికి పంపండి. తెర స్క్రీన్‌షాట్ అయితే ఏ సెట్టింగూ ఆదుకోదు, గడి ఎంతొచ్చిందో కొలిచి ఆ లెక్కనే దూరం తీయమనండి. వాడికి నిష్పత్తులు కూడా వస్తాయి.

సందేహం: పాత కాలపు ఏరియల్ ఫోటోలు పిల్లలకు ఎక్కడ చూపించాలి? (స్లౌ)

బ్రిటన్ ఫ్రమ్ అబవ్ సైటులో ఏరోఫిల్మ్స్ సంస్థ 1919 నుంచి 1953 దాకా తీసిన ఫోటోలున్నాయి. ఉచితంగా ఖాతా తెరిస్తే బాగా దగ్గరికి జూమ్ చేయొచ్చు. ఇంగ్లండ్ వరకైతే హిస్టారిక్ ఇంగ్లండ్ ఏరియల్ ఫోటో ఎక్స్‌ప్లోరర్ కూడా మంచిది. ఏరోఫిల్మ్స్ ఫోటోలు చాలావరకు విమానంలోంచి వాలుగా తీసినవి. మ్యాపు మీద పెట్టి సరిచూడబోతే కుదరదు, దగ్గరున్నవి పెద్దవిగా, దూరమున్నవి చిన్నవిగా వస్తాయి. ఇక్కడ మాత్రం గూగుల్ ఎర్త్‌ను వాలుగా తిప్పడం పనికొస్తుంది: పాత ఫోటోలో ఉన్న కోణం దొరికేదాకా పిల్లల చేత తిప్పించండి. మొదట ఎగరడం వద్దన్నది దీనికి వర్తించదు.

ఒక జాగ్రత్త. ఫోటోలో ఒక వస్తువు లేదంటే అప్పటికి అది లేదని కాదు. అఫింగ్టన్ గుర్రాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు విమానాలు దారి గుర్తు పట్టకుండా మట్టిపెళ్లలతో కప్పేశారు, యుద్ధం అయ్యాక తీశారు. ఆ ఏళ్లలో ఎవరైనా పైనుంచి ఫోటో తీస్తే కొండ ఉంటుంది, మూడు వేల ఏళ్ల గుర్రం ఉండదు.