డాక్టరు అడగరు, మీరే చెప్పాలి

మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఉన్న మీ ఆయన మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తుతున్నారనీ, మీ ఇద్దరి మధ్య దాంపత్యం కూడా ఆగిపోయిందనీ రాశారు. ఇది జబ్బు వల్లేనా అని అడిగారు. చాలావరకు జబ్బు వల్లేనండి. మా ఆయనకూ అదే జబ్బు. కాళ్లను నడిపించే నరాల్లాగే మూత్రాశయానికీ, అంగస్తంభనకీ వెళ్లే నరాలు కూడా వెన్నుపాములోంచే వెళ్తాయి. మీ మీద ఇష్టం తగ్గిందని మాత్రం అనుకోకండి.

ఈ బెంగళూరులో న్యూరాలజీ డాక్టర్లు చాలామంది ఈ సంగతి వాళ్లంతట వాళ్లు అడగరు. మేం వెళ్లే ఆసుపత్రిలో తర్వాతి టోకెన్ వాళ్లు ఫైలు పట్టుకుని మన భుజం మీదే నిలబడతారు. ఇటు పక్కన మా అత్తగారు. డాక్టరుగారు కాళ్లు చూసి, నడిపించి, "ఇంకేమైనా ఇబ్బందా?" అన్నారు. "ఏం లేదు సార్" అన్నారు మా ఆయన. ముందు రోజే సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ప్యాంటు తడిసి, బ్యాగు అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చిన మనిషి! నాకు ఉండబట్టలేదు. అత్తయ్యని మందుల కోసం పంపాను, ఫైలు వాళ్లని బయటికెళ్లమన్నాను, తలుపేసి రెండు సంగతులూ చెప్పేశాను. మా ఆయన తలెత్తలేదు. డాక్టరుగారు పెన్ను పక్కన పెట్టి విన్నారు.

మూత్రాశయానికి స్కానింగ్ రాశారు. మూత్రం పోసి వచ్చాక కూడా లోపల 180 మి.లీ. మిగిలే ఉంది. అది చూడకుండా ఆపుకునే మాత్రలు మింగితే ఇంకా నిలిచిపోతుంది, అందుకే ముందు ఆ స్కానింగ్ అడగండి. మూత్రనాళంలోకి సన్న గొట్టం పెట్టి ఎవరికి వారే ఖాళీ చేసుకోవడం నర్సమ్మ నేర్పింది. 1972లో లాపిడెస్ అనే అమెరికా డాక్టరు బయటపెట్టిన పద్ధతే. పడుకునే ముందు ఖాళీ చేసుకుంటే పక్క తడుస్తుందన్న భయం పోయింది, ఆయన మళ్లీ నా పక్కకి జరిగారు. ఆ గొట్టం అడిగితే మందుల షాపు వాళ్లు "ఎవరికమ్మా?" అని వీధంతా వినబడేలా అరుస్తారు చూడండి, ఒళ్లు మండిపోతుంది.

నీళ్లు తాగడం మాన్పించకండి. మూత్రం చిక్కబడితే తొందర ఇంకా ఎక్కువవుతుంది, మలబద్ధకం తోడవుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరం తగిలితే కాళ్లు అసలే ఆడవు. రెండో సంగతికి, అంటే అంగస్తంభనకి, సిల్డెనాఫిల్ లాంటి మాత్రలున్నాయి, కానీ గుండెకి నైట్రేట్ మందులు వాడేవాళ్లు ముట్టకూడదు. డిప్రెషన్ మాత్రలేమైనా వాడుతుంటే అవీ చూపించండి, వాటిలో కొన్ని కోరికని చంపేస్తాయి.

నోరు రాకపోతే చీటీ మీద రాసి ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టండి. వచ్చే అపాయింట్‌మెంట్‌కే.